నిదానం సెగ మీద వేట మాంసం: మీ ఉత్తరాలు, ఓడ వంటవాడి జవాబులు

కిందటి సంచికలో ఎవరికో జవాబిస్తూ, మొరాకోలో మాంసంలో ఎండుపండ్లు వేసి గంటల తరబడి మగ్గబెడతారని ఒకే ఒక వాక్యం రాశాను. దాని మీద ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అందుకని ఈసారి పేజీలన్నీ దానికే. కొత్త పాఠకులకు నా సంగతి రెండు ముక్కల్లో: మాది కళింగపట్నం. సరుకు ఓడల మీద వంటవాడిగా పనిచేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో స్థిరపడ్డాను. ఎరువులకు కావలసిన ఫాస్ఫేట్ కోసం మా ఓడ మొరాకో రేవులకు వెళ్ళేది. సరుకు ఎక్కించడం ఆలస్యమైతే మిగతావాళ్ళు నిద్రపోయేవారు, నేను ఊళ్ళో పొయ్యిలు చూడటానికి పోయేవాణ్ణి.

*మావారు చాలాకాలం ఖతార్‌లో పనిచేసి వచ్చారు. అక్కడ ఒక మొరాకో హోటల్లో గొర్రె మాంసం, నల్లటి ఎండుపండ్లు, బాదం పప్పు, దాల్చినచెక్క వేసిన కూర తిన్నారట. అది చేసి పెట్టమంటున్నారు. ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. మాకు దొరికేది మేక మాంసమే. ఎలా చేయాలి? – ఒక గృహిణి, కంచిలి*

అమ్మా, మీవారు తిన్నది తాజీన్. లోతు తక్కువ మట్టి పాత్ర, దాని మీద గోపురంలాంటి మూత పెట్టి, బొగ్గుల కుంపటి మీద వండుతారు. ఆవిరి పైకి లేచి మూత లోపలి గోడకు తగిలి, నీరై మళ్ళీ కూరలోకే జారుతుంది. అందుకే గ్లాసుడు నీళ్ళతోనే రెండు మూడు గంటలు మాడకుండా ఉడుకుతుంది. మీకు ఆ పాత్ర అక్కర్లేదు. అంచులున్న మందపాటి ట్రే, దాని మీద రెండు వరుసల అల్యూమినియం రేకు బిగిస్తే అదే పని జరుగుతుంది.

మేక మాంసానికి, గొర్రె మాంసానికి ఒక తేడా ఉంది. మేకలో కొవ్వు తక్కువ. మూత వదులుగా ఉంటే ఎండిపోయి నార తేలుతుంది. కాబట్టి రేకు అంచులు గట్టిగా నొక్కండి, నూనె ఒక చెంచా ఎక్కువే వేయండి.

ఎముకతో ఉన్న జబ్బ కిలోన్నర తీసుకోండి. చిన్న ముక్కలు కొట్టించవద్దు. మొత్తంగా గానీ, నాలుగు పెద్ద ముక్కలుగా గానీ కావాలని చెప్పండి. ఆదివారం ఉదయం రద్దీలో ఈ మాట ఎవరూ వినిపించుకోరు, కత్తి ఆడుతూనే ఉంటుంది. శనివారమే వెళ్ళి చెప్పి రండి. ముందు రాత్రి మాంసానికి రెండున్నర చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. మసాలా అప్పుడే వద్దు. పొడి రాసిన మాంసాన్ని పెద్ద సెగలో పెడితే ముక్క ఎర్రబడే లోపల పొడి మాడి చేదవుతుంది.

మర్నాడు మాంసం మీద తడిని గుడ్డతో ఒత్తి తుడిచేయండి. తడి ఉన్నంతసేపూ పై భాగం వంద డిగ్రీలు దాటదు. రంగు, కమ్మని వేపుడు వాసన రావాలంటే 140 డిగ్రీలన్నా దాటాలి. ఈ రంగు మారే రసాయన చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే మన ఆడవాళ్ళు ముక్కలను నీళ్ళు ఇగిరే దాకా వేయించి గానీ మసాలా వేసేవారు కారు, అది వేరే సంగతి. నూనె రాసి 220 డిగ్రీల్లో పాతిక నిమిషాలు, మూత లేకుండా ఉంచండి.

ఈలోగా స్టవ్ మీద అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి మూడు పెద్ద చెంచాల నూనెలో ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి ముద్ద, ఆ తరువాత మసాలా వేయండి. మసాలా అంటే వేయించి దంచిన ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర రెండు, మిరియాలు ఒకటి, శొంఠి పొడి ఒకటి, దాల్చినచెక్క పొడి అర, నాలుగు లవంగాలు. కారం వాళ్ళు నామమాత్రంగా వేస్తారు. మనకు అది తోచదు కనుక ఒక చెంచా వేసుకోండి, అంతకు మించితే పండు రుచి తెలియదు. అర నిమిషం కలిపి, గ్లాసుడు వేడినీళ్ళు పోసి, ఇదంతా ట్రేలో పరచి, దాని మీద మాంసం పెట్టి, రేకు బిగించి, వేడి 150కి తగ్గించండి.

గంటన్నర తరువాత తెరిచి మాంసాన్ని తిరగేయండి. అప్పుడు క్యారెట్, చిలగడదుంప పెద్ద పెద్ద ముక్కలు చుట్టూ సర్ది మళ్ళీ మూయండి. ఇంకో గంట గడిచాక కత్తి మొన గుచ్చి చూడండి. వెన్నలోకి దిగినట్టు దిగితే అయింది. అడ్డుపడితే మరో అరగంట. ముదురు మేకైతే నాలుగు గంటలూ పట్టవచ్చు, కంగారు పడవద్దు.

ఇక పండ్లు. ప్రూన్స్ అని అమ్మే ఆ నల్లటి ఎండుపండ్లు ఒక పిడికెడు, పావుగంట వేడినీళ్ళలో నానబెట్టి, చెంచా తేనె, చిన్న దాల్చినచెక్క ముక్కతో విడిగా నాలుగు ఉడుకులు రానివ్వండి. చివరి పావుగంటలోనే మాంసం మీద పోసి, రేకు తీసేసి, 200 డిగ్రీల్లో మెరుపు వచ్చేదాకా ఉంచండి. ముందే వేస్తే పండు కరిగి గుజ్జై, చక్కెర అడుగంటుతుంది. పైన వేయించిన నువ్వులు, బాదం. బాదం బదులు మీకు పక్కనే ఉన్న పలాస జీడిపప్పు వేసుకుంటే నాకు ఇంకా ఇష్టం.

ప్రూన్స్ ఖరీదు చూసి వెనక్కి తగ్గేవారికి ఒక దారి చెబుతాను. భీమాలి మామిడి తాండ్ర. అరబ్బు దేశాల బజార్లలో ఆప్రికాట్ పండ్ల గుజ్జును ఎండబెట్టి చేసిన నారింజ రంగు రేకులు అమ్ముతారు. చూడగానే నాకు మన తాండ్రే గుర్తొచ్చింది. మాంసానికి కావలసింది ఉత్త తీపి కాదు, తీపి వెనక నిలిచే పులుపు. ఖర్జూరంలో ఆ పులుపు లేదు, తాండ్రలో ఉంది. అరచేయంత ముక్కను చిన్న చిన్న చతురస్రాలుగా కోసి, అర గ్లాసు వేడినీళ్ళలో కరిగించి, చివరి పది నిమిషాల్లో పోయండి. తాండ్రలో తీపి ముందే కలిసి ఉంటుంది కనుక తేనె మానేయండి.

*ఇదంతా కుక్కర్‌లో చేస్తే ఎన్ని విజిల్స్ రావాలి? – ఉద్యోగి, రాజాం*

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, అరగంటలో ముక్క మెత్తబడుతుంది. ఉద్యోగానికి పోయే రోజున నేనూ అదే చేయమంటాను. కానీ అందులో ముక్క ఎర్రబడదు. విజిల్ వచ్చినప్పుడల్లా దాల్చినచెక్క, లవంగం వాసన ఇల్లంతా పరుచుకుంటుంది కదా, అంత మేరా కూరలో తగ్గినట్టే. చేయక తప్పదంటే ముక్కలను ముందు బాగా వేయించండి, ఉప్పు, పసుపు, ఉల్లిపాయలతో మాత్రమే కుక్కర్‌లో పెట్టండి. దించాక వెడల్పాటి మూకుట్లోకి మార్చి, మసాలా, పండు వేసి, సన్నని సెగ మీద అరగంట దగ్గర పడనివ్వండి. విజిల్స్ లెక్క నన్ను అడగవద్దు. మొదటి విజిల్ తరువాత మంట తగ్గించి పాతిక నిమిషాలు గడియారం చూసుకోండి.

*మాంసం ఉడికిస్తుంటే మొదట మెత్తగా ఉన్నది కాసేపటికి గట్టిపడుతుంది, తరువాత మళ్ళీ మెత్తబడుతుంది. ఎందుకని? మాంసం కొట్టే అతను మాత్రం ఎప్పుడూ తొడే బాగుంటుందంటాడు. – ఉపాధ్యాయుడు, విజయనగరం*

మాస్టారూ, ఈ ఒక్క సంగతి బోధపడితే మిగతా వంటంతా దానంతట అదే వస్తుంది.

మాంసంలో రెండు రకాల సరుకు ఉంది. ఒకటి కండ పోగులు, రెండోది ఆ పోగులను కట్టి ఉంచే తెల్లటి పొర, నరాల్లాంటి పట్టీలు. వీటిలో ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. వేడి 60 డిగ్రీలు దాటేసరికి కండ పోగులు ముడుచుకుని, తమలో ఉన్న నీటిని బయటికి పిండేస్తాయి. మీరు గట్టిపడిందని చెబుతున్నది ఆ దశ. చాలామంది అక్కడే భయపడి మంట పెంచుతారు. మంట పెంచితే పోగులు ఇంకా బిగుస్తాయి. కొల్లాజెన్‌కు కావలసింది పెద్ద మంట కాదు, ఎక్కువసేపు. 70 దాటాక అది మెల్లమెల్లగా కరగడం మొదలుపెట్టి, 85, 90 దగ్గర గంటల తరబడి ఉంటే జిగురుగా మారిపోతుంది. పాయా చారు చల్లారాక పెదవులు అంటుకుంటాయి చూడండి, ఆ జిగురే. ఎండిన పోగుల మధ్యకు అది చేరి మళ్ళీ నున్నగా చేస్తుంది. పోయిన నీరు వెనక్కి రాదు, జిగురు ఆ లోటు తీరుస్తుంది, అంతే.

కాబట్టి మీ మాంసం కొట్టే అతను చెప్పేది వేపుడుకు నిజం. నిదానం వంటకు కాదు. మేక బతికుండగా బాగా పనిచేసిన భాగాల్లో పట్టీలు ఎక్కువ. మెడ, జబ్బ, మోకాలి కింది కండ, ఇవి మన వంటకు బంగారం. వాటికి గిరాకీ తక్కువ కనుక అతను మిమ్మల్ని తొడ వైపు తిప్పుతున్నాడు. తొడ కొనక తప్పకపోతే, పిక్క భాగం వదలకుండా ఎముకతో సహా తీసుకోండి.

వయసు సంగతి కూడా చెప్పాలి. ముందు పళ్ళలో రెండు పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు వచ్చాయంటే మేకకు ఏడాది దాటినట్టు. ఆ ఈడు మాంసం మూడు గంటల సెగకు సరిగ్గా నిలుస్తుంది. మరీ లేతదైతే అంతసేపటికి రుచి లేకుండా పీచుపీచుగా విడిపోతుంది. లేత మాంసం దొరికిందని సంబరపడి దాన్ని నాలుగు గంటలు పొయ్యి మీద పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి, మేక మీద.

*సీతంపేట అనాస బాగుంటుందని ముక్కలు కోసి మాంసంతో కలిపి రాత్రంతా నానబెట్టాను. ఉదయానికి మాంసం పైభాగం పిండిలా అయిపోయింది. పారేయవలసి వచ్చింది. – ఒక పాఠకురాలు, పాలకొండ*

అమ్మా, మాంసం చెడిపోలేదు, అరిగిపోయింది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసకృత్తులను విడగొట్టడమే దాని పని. పచ్చి బొప్పాయిలో పపైన్, అంజూరలో ఫైసిన్ చేసేదీ ఇదే. అనాస ఎక్కువ తింటే నాలుక చుర్రుమనడానికి కారణంలో కొంత భాగం ఇదే. చిక్కేమిటంటే ఇది పైపైనే పనిచేస్తుంది. లోపల గట్టిగానే ఉంటుంది, పైన ముద్దవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నిదానం సెగ మీద వండబోయే మాంసానికి ఇవేవీ అక్కర్లేదు. మెత్తబరచే పని సెగ చేస్తుంది. బొప్పాయి రాయడం కబాబులకు, అదీ గంటా రెండు గంటలు.

ఉడికించిన అనాసలో ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకని మీ సీతంపేట పండును ఇలా వాడండి: చెక్కు, కళ్ళు తీసి, వేలు మందం చక్రాలు కోసి, పెనం మీద కాస్త నెయ్యి వేసి రెండు వైపులా మచ్చలు పడేలా కాల్చండి. మిరియాల పొడి, చిటికెడు ఉప్పు చల్లండి. మాంసం చివరి ఇరవై నిమిషాల్లో ఉండగా పైన పరచండి. కాలిన అనాస, లవంగం ఒకదానికొకటి బాగా కుదురుతాయి.

*మా ఊళ్ళో ఓటీజీలు లేవు. కట్టెల పొయ్యి, కుండ ఉన్నాయి. మాకు ఈ వంట రాదా? – రైతు, పాతపట్నం దగ్గర*

మీకే బాగా వస్తుంది. దాలి మరచిపోయారా? పిడకల నిప్పు మీద పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రటి మీగడ కట్టేది. నిదానం సెగ అంటే అదే. మొరాకోలోని మర్రకేష్ నగరంలో తంజియా అని ఒక వంట ఉంది. నిలువు కూజాలాంటి మట్టికుండలో మాంసం, వెల్లుల్లి, జీలకర్ర, కుంకుమపువ్వు, ఉప్పులో ఊరిన నిమ్మకాయ వేసి, మూతి కాగితంతో కట్టి, ఊరి స్నానశాలకు పట్టుకుపోతారు. అక్కడ నీళ్ళు కాచే పొయ్యి బూడిదలో దాన్ని గంటల తరబడి పాతిపెడతారు. ఎక్కువగా మగవాళ్ళు వండే వంట అది. కూలి పనివాళ్ళు పొద్దున ఇచ్చి, పని ముగిశాక తీసుకుని తింటారు. దాలికీ దానికీ తేడా ఏమీ లేదు, పాలకు బదులు మాంసం.

కొత్త కుండైతే ఒక పూట నీళ్ళలో నానబెట్టి, ఆరాక లోపల నూనె రాసి, గంజి పోసి చిన్న మంట మీద కాచి పారబోయండి. లేకపోతే మట్టి వాసన కూరకు పడుతుంది. మూతి వెడల్పున్న దాక మేలు, ముక్క తిప్పడానికి వీలుగా ఉంటుంది. ముక్కలను ముందు ఇనుప మూకుట్లో వేయించుకోండి, మట్టిపాత్రలో అంత మంట పెడితే పగులుతుంది. అడుగున ఉల్లిపాయలు, పైన మాంసం, గ్లాసుడు వేడినీళ్ళు. చన్నీళ్ళు పోయవద్దు. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి మూసేయండి. మంట పూర్తిగా తీసేసి, నిప్పుల మీద దాక పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేయండి. గంటకోసారి నిప్పులు మార్చాలి. పిండి ఎండి బీటలు వారి, అందులోంచి సన్నగా ఆవిరి వస్తుంటే సెగ సరిగా ఉన్నట్టు. బుస్సుమని కొడితే నిప్పులు తగ్గించండి. రెండు గంటల తరువాత పిండి పగలగొట్టి కూరగాయలు వేసి, మళ్ళీ మూత పెట్టి మరో గంట. దించాక దాకను తడి గచ్చు మీద పెట్టవద్దు, చుట్టకుదురు మీద పెట్టండి.

కట్టె గురించి. చింత మొద్దు నిప్పు చాలాసేపు నిలుస్తుంది. సముద్రం వైపు వారికి సరుగుడు దొరుకుతుంది, దాని వేడి ఎక్కువ, కాబట్టి నిప్పులు తక్కువ వేయాలి. కొబ్బరి చిప్పలు భగ్గున మండి ఆరిపోతాయి, ముక్కలు వేయించడానికి పనికొస్తాయి గానీ మగ్గబెట్టడానికి కాదు. ఉద్దానం, పలాస వారికి ప్రత్యేకంగా చెబుతున్నాను: జీడిపిక్కల తొక్కలు వంట పొయ్యిలో వేయవద్దు. అందులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొగ కళ్ళకూ గొంతుకూ చెడ్డది, ఆ పొగ తగిలిన మాంసం తినదగదు. రంగు వేసిన పాత తలుపు చెక్కలూ అంతే.

*దాల్చినచెక్క ఎక్కువైతే కూర మందులా ఉంటోంది. ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? – పాఠకురాలు, బొబ్బిలి*

మన కిరాణా దుకాణాల్లో ఎక్కువగా దొరికే మందపాటి, గరుకు చెక్క కేసియా. కాగితం చుట్టల్లా పొరలు పొరలుగా ఉండి చేత్తో నలిగేది సింహళం చెక్క. రెండోది సున్నితం, తీపి వాసన. మొదటిది ఘాటు, ఎక్కువసేపు ఉడికితే ఆ ఘాటు చేదులోకి తిరుగుతుంది. మీరు వాడేది మొదటిదై ఉంటుంది. కిలోకు రెండంగుళాల ముక్క ఒక్కటి చాలు, గంట తరువాత తీసి పారేయండి. లవంగాలు కిలోకు నాలుగైదు. అవి పంటినొప్పికి పెట్టుకునే మందు కూడా కదా, ఎక్కువైతే నాలుక మొద్దుబారి మిగతా రుచులు తెలియవు.

ఈ సుగంధాలన్నీ నీటిలో కన్నా నూనెలో బాగా దిగుతాయి. చెక్క, లవంగం, యాలక్కాయ మొదట నూనెలో వేయండి. పొడులు ఉల్లిపాయలు వేగాక అర నిమిషం మాత్రమే. దించే ముందు తాజాగా దంచిన పొడి పావు చెంచా చల్లితే, మూడు గంటల్లో ఎగిరిపోయిన వాసన తిరిగి వస్తుంది. ఇంకొకటి, విశాఖ మన్యం పిప్పళ్ళు దొరికితే కిలోకు రెండు దంచి వేసి చూడండి. మిరియం కన్నా నెమ్మదిగా ఎక్కే కారం అది, వెనక కొద్దిగా తీపి ఉంటుంది. మొరాకో వాళ్ళ మసాలా మిశ్రమంలో పిప్పలి చూసి నేను ఆశ్చర్యపోయాను. మనం దాన్ని దగ్గుకు దాచిపెట్టి, కూరలో మరచిపోయాం. ప్యాకెట్ మసాలా సంగతి అడగవద్దు, దంచి ఎన్నాళ్ళైందో చెప్పలేని పొడి మీద నాకు నమ్మకం లేదు.

*మాంసం విడిపోయేంత ఉడికినా బంగాళాదుంపలు కరకరలాడుతున్నాయి. చింతపండు పులుసు పోసే చేస్తాను. – పాఠకుడు, నరసన్నపేట*

పులుసే కారణం. కాయగూరల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ కరగడానికి 85 డిగ్రీలన్నా కావాలి. పులుపు తగిలితే ఆ కరగడం ఇంకా ఆలస్యమవుతుంది. దుంపలు మెత్తబడ్డాకే పులుపు పోయండి. టమాటా, మామిడికాయ, నిమ్మ అన్నిటికీ ఇదే వరుస. కందకు మాత్రం మినహాయింపు, దురద తగ్గాలంటే చింతపండు ముందే కావాలి, కాబట్టి దాన్ని విడిగా ఉడికించి కలపండి. దుంపలను మాంసం మీద కాకుండా అడుగున, రసంలో మునిగేలా పెట్టండి. ఉద్దానం పనసకాయ ముక్కలు ఈ వంటకు పుట్టినట్టుంటాయి, గంటన్నర సెగకూ ముద్ద కావు. గుమ్మడి చివరి అరగంట. అరటికాయ ముప్పావుగంట. వంకాయ నాకు ఇందులో నచ్చదు.

*మాంసంలో తీపి వేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. – కోడలు, చీపురుపల్లి*

ఆవిడ గుమ్మడికాయ దప్పళంలో బెల్లం వేస్తారా, లేదా? చాలు, మాట ఆవిడ నోటి నుంచే వస్తుంది. మొదటిసారే ప్రూన్స్, తేనె అంటూ పోవద్దు. వేసవిలో మామిడికాయ మాంసం అందరూ తినేదే. కాయ బదులు దోరగా ఉన్న సువర్ణరేఖ ముక్కలు చివరి పది నిమిషాల్లో వేయండి. పులుపు ఉంటుంది, వెనకాల తీపి ఉంటుంది, పేరు మాత్రం మామిడికాయ మాంసమే. పార్సీలు కోడిమాంసంలో ఆప్రికాట్ వేస్తారు, ఇరానీలు దానిమ్మ రసం, అక్రోట్లు వేస్తారు. ఈ ముక్క ఆవిడ రెండోసారి వడ్డించుకున్నాక చెప్పండి.

*సిరిమాను పండగకు చుట్టాలు వస్తారు. ముందు రోజే వండి పెట్టుకోవచ్చా? మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి? – విజయనగరం, కోట దగ్గర నుంచి*

వండి పెట్టుకోవచ్చు, మర్నాటికి రుచి పెరుగుతుంది కూడా. జిగురు గడ్డకట్టి మసాలాను ముక్కకు పట్టిస్తుంది. పైన తేలిన కొవ్వు తెల్లగా పేరుకుంటుంది, కావలసినంత ఉంచుకుని మిగతాది తీసేయవచ్చు. కానీ పెద్ద గిన్నెడు వేడి కూరను అలాగే ఫ్రిజ్‌లో తోయవద్దు. నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోయి పాడవుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు విజృంభిస్తాయి. లోతు తక్కువ గిన్నెల్లోకి సర్ది, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెల ఎండల్లో గంట లోపలే. పండ్లు, వేయించిన పప్పులు మాత్రం పండగ నాడే కలపండి. వేడి చేసేటప్పుడు పొగలు కక్కేదాకా, ముక్క లోపలి దాకా వేడెక్కాలి.

కరెంటు పోతే ఓటీజీ తలుపు తెరవవద్దు. అరగంటలో వస్తే వంట తనంతట తాను సాగుతుంది, పోయినంత సమయం చివర్లో కలపండి. అంతకు మించితే చూస్తూ కూర్చోవద్దు, దాకలోకి మార్చి గ్యాస్ పొయ్యి మీద, కింద పెనం పెట్టి, చిన్న మంట మీద కొనసాగించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన జీడి, కొబ్బరి చెట్ల మధ్య జనం కట్టెల పొయ్యి మీదే వండుకున్నారు. అందుకే ఓటీజీ కొన్నవాళ్ళను కూడా ఒక దాక ఇంట్లో ఉంచుకోమంటాను.

*దీన్ని దేనితో తినాలి? – ఆమదాలవలస*

మొరాకోలో గుండ్రటి రొట్టె తుంచి రసంలో అద్దుకుంటారు. మీరు దిబ్బరొట్టె వేయండి. మందపాటి మూకుట్లో, సన్నని సెగ మీద, అడుగు ఎర్రగా కాలే దాకా. అన్నంలోకైతే రసం కొంచెం ఎక్కువ ఉంచుకోండి.